రోజువారీ జీవితంలో, ఆరాధనలో దేవునికి కృతజ్ఞత చెప్పడం ఎలా అలవాటు చేసుకోవాలి?

మనలో చాలామంది ప్రార్థన ఒకే తీరులో సాగుతుంది. మొదట "ఇంతవరకు కాపాడినందుకు నీకు స్తోత్రం తండ్రీ" అని ఒక్క ముక్క. ఆ తర్వాత అడగాల్సినవన్నీ వరుసగా: ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల చదువు, ఇంకా తీరని అప్పు. అడగడం తప్పేమీ కాదు, అడగమని ప్రభువే నేర్పాడు. కానీ ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఒక చిక్కు వస్తుంది. జవాబు రాని ప్రార్థనలే మనసులో మిగులుతాయి. జవాబు వచ్చినవి ఆ మర్నాడే మనసులోంచి జారిపోతాయి. కొన్నాళ్లకి "దేవుడు అసలు నా మాట వింటున్నాడా?" అనే అనుమానం మొదలవుతుంది.

విశ్వాసం చల్లారడానికి ప్రతిసారీ పెద్ద పెద్ద సందేహాలు అక్కర్లేదు, మరపు చాలు. ఎర్ర సముద్రం దాటి వచ్చినవాళ్లే ఆయన కార్యాలను వెంటనే మరచిపోయారని 106వ కీర్తన చెబుతుంది. 103వ కీర్తనలో దావీదు అందుకే తన ప్రాణానికి తానే చెప్పుకుంటాడు: "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము." కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క పనికోసమే. మనసులో సంతోషం పొంగిందా లేదా అని చూసుకోకండి. ముందు గుర్తు తెచ్చుకోండి, సంతోషం దాని వీలు చూసుకుని అదే వస్తుంది.

1. రాత్రి పడుకోబోయే ముందు రోజంతా ఒకసారి తిరిగి చూసుకోండి

మిగతావి కుదిరినా కుదరకపోయినా ఇదొక్కటి మాత్రం పట్టుకోండి. యేసు సభ (జెస్యూట్లు) అనే కాథలిక్ సన్యాసుల సంఘం స్థాపకుల్లో ఒకరైన లొయోలా ఇగ్నేషియస్ (1491–1556) తన ధ్యాన పద్ధతుల్లో రోజువారీ ఆత్మపరిశీలనకు పెద్ద పీట వేశారు. ఆ పద్ధతులను పోప్ మూడో పౌలు 1548లో ఆమోదించారు. ఆ పరిశీలనలో ఐదు భాగాలుంటాయి. మొదటిది, అందుకున్న మేలులకు కృతజ్ఞత. పాపాల లెక్క ఆ తర్వాతే. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం. కళ్లు మూసుకోగానే ఆ రోజు చేసిన తప్పులే గుర్తొస్తాయి, వాటితోనే అలసిపోయి నిద్రపోతాం. మేలుతో మొదలుపెడితే తప్పులను చూసుకునే ధైర్యం కూడా వస్తుంది, ఎందుకంటే అప్పటికి మనం ఎవరి ముందు కూర్చున్నామో గుర్తుంటుంది.

పది పదిహేను నిమిషాలు చాలు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. పడుకుని కాకుండా కూర్చుని చేయండి, పడుకుంటే సగంలో నిద్ర పడుతుంది. ముందుగా "ప్రభువా, ఈ రోజును నీ కళ్లతో చూపించు" అని అడగండి. తర్వాత పొద్దున లేచినప్పటి నుంచి ఒక్కో గంటా గుర్తు చేసుకుంటూ రండి. ఎవరు పలకరించారు? ఏ పని అనుకున్నదానికన్నా సులువుగా అయింది? దేనికి నవ్వొచ్చింది? ఏ ప్రమాదం పక్కనుంచి పోయింది? మంచిది కనిపించిన చోట ఆగి అక్కడికక్కడే థాంక్స్ చెప్పి ముందుకు కదలండి. ఆ తర్వాత తప్పు జరిగిన చోటు కనిపిస్తే క్షమాపణ అడగండి. చివరగా రేపటి రోజును ఆయన చేతిలో పెట్టండి.

మొదటి వారం మీకేమీ దొరకకపోవచ్చు. "మామూలు రోజే కదా" అనిపిస్తుంది. కంగారు పడకండి, చూపు అలవాటు కావడానికి కొంత టైమ్ పడుతుంది.

2. మొత్తంగా కాదు, విడివిడిగా చెప్పండి

"అన్నిటికీ వందనాలు ప్రభువా" అనేది మంచి మాటే కానీ అది మనకేమీ గుర్తు చేయదు. 103వ కీర్తన అలా ఒక్క మాటతో సరిపెట్టదు. దోషాలు క్షమించాడు, సంకటాలు కుదిర్చాడు, ప్రాణాన్ని సమాధిలోనుంచి విమోచించాడు, మేలుతో తృప్తిపరిచాడు అని ఒక్కొక్కటీ విడదీసి చెబుతుంది. 136వ కీర్తనలో ఉన్నవి 26 వచనాలు. "ఆయన కృప నిరంతరముండును" అనే మాట 26 సార్లూ వస్తుంది. కానీ ప్రతిసారీ దాని ముందు ఒక వేరే సంగతి ఉంటుంది: ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు, దాటిన సముద్రం, చివరికి తినే ఆహారం.

మీరూ అలాగే చేసి చూడండి. "కుటుంబాన్ని బట్టి స్తోత్రం" అనే బదులు "ఈ సాయంత్రం అమ్మ ఫోన్లో చాలాసేపు హాయిగా మాట్లాడింది, అందుకు స్తోత్రం" అనండి. ఆరోగ్యం గురించి అయితే, జ్వరం తగ్గి పాపాయి మళ్లీ ఆడుకుంటున్న సంగతి చెప్పండి.

ఇక్కడొక జాగ్రత్త. లూకా 18వ అధ్యాయంలో పరిసయ్యుడు చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే, గమనించారా? "ఈ సుంకరిలా లేనందుకు" అని థాంక్స్ చెప్పాడు. ఫలానా వాళ్లకన్నా మేం నయం అనే మాట మన కృతజ్ఞతలో దూరిందంటే, ఆ వాక్యాన్ని అక్కడే ఆపి వేరే సంగతి ఎత్తుకోండి. వేరేవాళ్ల కష్టాన్ని చూసి మన సుఖాన్ని కొలుచుకోవడం చాలా సులువుగా అంటుకునే అలవాటు.

3. కొత్తగా టైమ్ వెతకొద్దు, ఉన్న పనులకే జోడించండి

భోజనం దగ్గర మొదలుపెట్టండి. తినేముందు ప్రార్థన చాలా ఇళ్లలో ఉంటుంది. తిన్న తర్వాత కూడా ఒక్క నిమిషం ఆగండి. ద్వితీయోపదేశకాండం 8:10 చెప్పేది తిని తృప్తిపొందాక దేవుణ్ణి స్తుతించమనే. కారణం ఆ వెంటనే ఉంది: కడుపు నిండి, మంచి ఇళ్లు కట్టుకున్నాక మనసు గర్వించి దేవుణ్ణి మరిచిపోతారేమో అని హెచ్చరిక. మార్టిన్ లూథర్ 1529లో ఇళ్లలో వాడుకోవడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో భోజనానికి ముందు ఒక ప్రార్థన, తర్వాత ఒక ప్రార్థన రెండూ పెట్టాడు. పొద్దున్నే లేచాక, రాత్రి పడుకునే ముందు చేయమన్న ప్రార్థనలు కూడా కృతజ్ఞతతోనే మొదలవుతాయి.

మిగతా పనులకు ఇదే దారి. బ్రదర్ లారెన్స్ అనే ఆయన 17వ శతాబ్దంలో ప్యారిస్‌లోని కార్మెలైట్ అనే కాథలిక్ సన్యాసుల మఠం ఒకదానిలో వంటింటి పని చేసేవాడు. ఆ పని ఆయనకు స్వతహాగా ఇష్టమైంది కాదు. గిన్నెల మోత మధ్యలో కూడా, ప్రార్థనలో మోకరించినప్పుడు ఉన్నట్టే దేవునితో ఉండడం ఆయన నేర్చుకున్నాడు. మనం రోజూ చేసే పనుల్లో రెండు మూడు ఎంచుకుంటే చాలు. పంపు తిప్పినప్పుడో, తలుపుకి తాళం వేసినప్పుడో, బండి ఎక్కినప్పుడో ఒక్క వాక్యం. పెదవులు కూడా కదలక్కర్లేదు.

4. కష్టంలో ఉన్నప్పుడు నటించకండి

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని 1 థెస్సలొనీకయులకు 5:18లో ఉంది కాబట్టి, ఏడుపు వస్తున్నా నవ్వాలేమో, బాధగా ఉందని చెబితే విశ్వాసం తక్కువ అనుకుంటారేమో అని టెన్షన్ పడతారు. ఇది బైబిల్ నేర్పేది కాదు.

యోహాను సువార్త 11వ అధ్యాయం తెరిచి చూడండి. లాజరు చనిపోయాడు. 35వ వచనంలో యేసు కన్నీళ్లు విడిచాడు. 41వ వచనంలో లాజరు సమాధి దగ్గర నిలబడి "తండ్రీ, నా మనవి విన్నావు" అని కృతజ్ఞత చెప్పాడు. రెంటికీ మధ్య ఉన్నది ఐదు వచనాలే. కన్నీళ్లు తుడుచుకుని మొహం మార్చుకున్నాకే తండ్రి దగ్గరికి వెళ్లాలని ఆయన అనుకోలేదు.

మరి మనం ఏం చేయాలి? 13వ కీర్తనను నమూనాగా పెట్టుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "ఎన్నాళ్లవరకు?" అని నిలదీత. తర్వాతి రెండింటిలో విన్నపం. చివరి రెండింటిలో, ఆయన కృపపై నమ్మిక, చేసిన మేలుకు పాట. ఒక కాగితం తీసుకుని అదే వరుసలో మీ మాటల్లో రాయండి. నిలదీత భాగం పొడుగైతే కానివ్వండి, దేవునికి అది కొత్త కాదు. చివరి భాగానికి వచ్చేసరికి ఇప్పుడు మంచిదేదీ కనిపించకపోతే పాత మేలు ఒకటి రాయండి. సమూయేలు ఎబెనెజరు రాయి నిలబెట్టి చెప్పిందీ అదే కదా, ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడని. రేపటి గురించి అక్కడ ఒక్క మాట కూడా లేదు.

చివరి భాగం అసలు రాయలేకపోతే? అలాగే వదిలేయండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది కీర్తనల గ్రంథంలో ఉంది.

మార్టిన్ రింకార్ట్ అనే పాస్టర్ జర్మనీలోని ఐలెన్‌బర్గ్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం (1618–1648) మధ్యలో సేవ చేశాడు. 1637లో అక్కడ తెగులు వచ్చినప్పుడు వేలమందిని పాతిపెట్టే ప్రార్థనలు ఆయనే చేశాడు, వాళ్లలో సొంత భార్య కూడా ఉంది. ఆ యుద్ధకాలంలోనే ఆయన తన ఇంటివాళ్లు భోజనం దగ్గర చెప్పుకోవడానికి రాసిన కృతజ్ఞతా గీతాన్ని సంఘాలు ఇప్పటికీ పాడుతున్నాయి. ఇలాంటివాళ్ల స్తుతికి బరువుంటుంది. అయితే ఈ కథను దుఃఖంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి వినిపించకండి. "దేవునికి స్తోత్రం చెప్పు" అని ఏడుస్తున్న మనిషికి సలహా ఇవ్వడంకన్నా పక్కన కూర్చోవడం మేలు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా మనసు కుంగిపోతుంటే ప్రార్థనతోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్లాలి. అది విశ్వాసానికి ఏమాత్రం అడ్డు కాదు.

5. ఆరాధనకు ఖాళీ చేతులతో వెళ్లకండి

నేననేది కానుక గురించి మాత్రమే కాదు. ఆరాధనకు ముందురోజు రాత్రి, ఆ వారంలో గుర్తించిన మేలుల్లోంచి ఒక్కటి ఎంచుకోండి. మొదటి పాట పాడుతున్నప్పుడు అది మనసులో ఉంచుకోండి. పాట రాగం బాగుందా, మైక్ సరిగ్గా ఉందా, ఎవరు లేటుగా వచ్చారు అనే వాటి మీదకి చూపు పోకుండా ఇది పట్టి ఉంచుతుంది.

ప్రభు భోజనం దగ్గర ఇంకాస్త నెమ్మదించండి. తనను అప్పగించిన రాత్రి యేసు రొట్టె పట్టుకుని మొదట చేసింది కృతజ్ఞత చెల్లించడం. ముందు ఏం జరగబోతోందో తెలిసి కూడా. ఆ బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు చాలామంది తమ అయోగ్యత గురించే ఆలోచిస్తారు. పరీక్షించుకోవాలి, నిజమే, పౌలు చెప్పాడు కూడా. కానీ తిరిగి వచ్చి కూర్చున్నాక ఆ కొద్ది నిమిషాలు పూర్తిగా కృతజ్ఞతకే ఇవ్వండి.

సాక్ష్యం చెప్పే అవకాశం వస్తే క్లుప్తంగా చెప్పండి. ఏం జరిగింది, ఎవరు సాయపడ్డారు, దేవుణ్ణి ఎందుకు స్తుతిస్తున్నారు, అంతే. కష్టం ఇరవై నిమిషాలు, స్తుతి అర నిమిషం అయితే విన్నవాళ్లకి కష్టమే గుర్తుంటుంది. వేరేవాళ్ల రోగాలు, కుటుంబ విషయాలు వాళ్లను అడగకుండా చెప్పకూడదు.

6. మనుషులకూ చెప్పండి, ఆ రోజే చెప్పండి

లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక నియమం ఉంది. ఆ మాంసం అర్పించిన రోజే తినేయాలి, మరునాటికి ఉంచకూడదు. ఒక్క పశువును ఒక్క ఇంటివాళ్లు ఒక్క రోజులో తినగలరా? నలుగురినీ పిలవాల్సిందే. కృతజ్ఞతను దాచిపెట్టొద్దని, ఒంటరిగా అనుభవించొద్దని నాకు ఇందులో కనిపిస్తుంది.

పౌలు ఉత్తరాల్లో చాలావరకు మొదట్లోనే, చదివేవాళ్లను బట్టి దేవునికి కృతజ్ఞత చెబుతాడు. గలతీయులకు రాసినప్పుడు మాత్రం ఆ ముక్క లేదు, వాళ్ల మీద అంత ఆవేదన. తిట్టవలసినవి ఎన్నో ఉన్న కొరింథు సంఘానికి కూడా మొదట కృతజ్ఞతే రాశాడు. మీరు దేవునికి ఎవరి గురించి స్తోత్రం చెప్పారో వాళ్లకి ఆ సంగతి తెలియజేయండి. "నిన్న నువ్వు వచ్చి కూర్చున్నావు చూడు, దాని గురించి రాత్రి దేవునికి థాంక్స్ చెప్పుకున్నాను" అని ఒక మెసేజ్. మందిరం ఊడ్చేవాళ్లు, కుర్చీలు సర్దేవాళ్లు, చిన్నపిల్లలకు ఆదివారం పాఠం చెప్పేవాళ్లు ఈ మాట చాలా అరుదుగా వింటారు. మొదట వాళ్ల దగ్గరికే వెళ్లండి.

7. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

తేదీ, ఒకటో రెండో వాక్యాలు, అంతకుమించి వద్దు. అందంగా రాయాలనుకుంటే మానేస్తారు. అడిగిన ప్రార్థనలు ఎడమ పేజీలో, వాటికి వచ్చిన జవాబులు కుడి పేజీలో రాస్తే వెతుక్కోవడం సులువు. "కాదు" అని వచ్చిన జవాబులు కూడా రాయండి. పిల్లలుంటే వాళ్లు చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాయండి, వాళ్ల వాక్యాలను దిద్దకండి. నెలకోసారి కుటుంబ ప్రార్థనలో కొన్ని పేజీలు పైకి చదవండి. మధ్యలో కొన్ని రోజులు రాయకుండా పోతే ఆ పేజీలు నింపడానికి కూర్చోకండి, ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టండి.