గట్టిపడ్డ బైక్ రబ్బరును మళ్లీ మెత్తబరచడం ఎలా?

పాత బైక్ కార్బ్యురేటర్ విప్పడానికి కూర్చుంటే దాని రబ్బరు గొట్టం చేతికి చెక్కలా తగులుతుంది. కొందరు స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తారు, గొట్టం అక్కడికక్కడే చీలుతుంది. ఇంకొందరు సిలికాన్ స్ప్రే కొట్టి, నిగనిగలాడగానే బాగుపడిందని సంబరపడతారు. ఆ నిగనిగ పైపొరకే. లోపల చెక్క చెక్కలాగే ఉంటుంది.

రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే బలపడుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. గంధకం రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. ఇంజిన్ వేడికి, గాలికి ఏళ్లు గడిచేకొద్దీ ఇలాంటి కొత్త బంధాలు ఇంకా ఏర్పడుతూనే ఉంటాయి. మరోపక్క, మెత్తదనం కోసం తయారీలో కలిపిన నూనెలు మెల్లగా ఎగిరిపోతాయి. మనం తిరిగి ఇవ్వగలిగింది ఆ నూనెను మాత్రమే. అదనంగా పడ్డ బంధాలను తెంచలేం. అందుకే ఇంజిన్‌ను ఆనుకుని మాడిన రబ్బరు కన్నా, షెడ్డులో ఊరికే పడి ఉండి ఎండిన రబ్బరు బాగా కోలుకుంటుంది.

ముందు ఏరండి. వేడినీటిలో ముంచిన గుడ్డను ఐదు నిమిషాలు చుట్టి ఉంచితే గొట్టం కాస్త వదులవుతుంది, అప్పుడు విప్పండి. మెల్లగా వంచి చూడండి. పగులు లోపలి గోడదాకా పోయి ఉంటే చెత్తబుట్టలో వేయండి. గాలిలోని ఓజోన్ రబ్బరు గొలుసులనే తెంపుతుంది, తెగినవాటిని ఏ నూనె అతికించదు. కార్బ్యురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే మ్యానిఫోల్డ్ రబ్బరు, ఎయిర్ ఫిల్టర్ గొట్టం, ట్యాంకు కింది దిండ్లు, ఫుట్‌రెస్ట్ తొడుగులు, సైడ్ ప్యానెల్ బుష్‌లు ఈ పద్ధతికి తగినవి. బ్రేక్ హోస్‌లు, మాస్టర్ సిలిండర్ కప్పులు, టైర్లు, పెట్రోల్ పైపు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు ఎంత మంచిగా కనిపించినా వీటి జోలికి పోకూడదు. అవి కొత్తవే వేయాలి. ఇందులో వాదన లేదు.

సరంజామా. వింటర్‌గ్రీన్ నూనె, జైలీన్ అనే ద్రావకం, లోహపు మూత ఉన్న గాజు సీసా, సన్నని తీగ, పటకారు, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్. ప్లాస్టిక్ డబ్బా వద్దు, చాలా రకాల ప్లాస్టిక్‌ను జైలీన్ పాడుచేస్తుంది. భాగాలను సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

నానబెట్టడం. ఒక వంతు నూనెకు మూడు వంతుల జైలీన్. ఎక్కువ నూనె పోస్తే త్వరగా అవుతుందనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జైలీన్ పని రబ్బరును ఉబ్బించి దారి తెరవడం, ఆ తర్వాత ఎగిరిపోవడం. వింటర్‌గ్రీన్ నూనె మరిగే వేడి సుమారు 220 డిగ్రీల సెల్సియస్ కాబట్టి అది అంత తొందరగా పోదు, లోపలే ఉండి మెత్తదనం ఇస్తుంది. దారి లేకుండా నూనె ఒక్కటే పోస్తే లోపలికి చేరడం ఆలస్యమవుతుంది.

ఆరుబయటే చేయండి. జైలీన్ ఆవిరి ఇట్టే మండుతుంది, పీలిస్తే తల తిరుగుతుంది. పలచని నైట్రైల్ చేతి తొడుగులు దాన్ని కొన్ని నిమిషాలకు మించి ఆపలేవు కాబట్టి ముంచడం, తీయడం పటకారుతోనే. నూనెకు నొప్పుల మందు వాసన ఉంటుంది గనక అందరూ దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు మింగినా పసిబిడ్డ ప్రాణం పోవచ్చు. ఆస్పిరిన్ పడనివారు దీన్ని ముట్టుకోకపోవడమే మేలు. సీసా మీద విషమని రాసి, తాళం వేసి ఉంచండి.

ముంచేముందు గొట్టం వ్యాసం కొలిచి రాసుకోండి. లోహపు అంచుకు అతికిన రబ్బరైతే తీగతో వేలాడదీసి రబ్బరు మాత్రమే మునిగేలా చూడండి, లేకపోతే ఉబ్బు అతుకును లాగేస్తుంది. ఆ తర్వాత ఆరు గంటలకోసారి తీసి నొక్కి చూడాలి. కొన్ని భాగాలకు ఒక రాత్రి చాలు, మొండివి మూడు రోజులు తీసుకుంటాయి. రాత్రి పడేసి మర్చిపోదామనుకుంటే అసలు మొదలుపెట్టకండి. నేను ఒకసారి అలాగే మర్చిపోయాను. రెండో రోజు తీస్తే గొట్టం కార్బ్యురేటర్ కన్నా పెద్దదై వేలాడింది.

పూర్తిగా మెత్తబడేదాకా ఆగకండి. మీకు కావలసినదానికి కొంచెం ముందే తీసేయండి, ఎందుకంటే లోపలికి వెళ్లిన నూనె సర్దుకోవడానికి ఇంకా సమయం పడుతుంది. తీసినప్పుడు కొలత పెరిగి ఉంటుంది, కంగారుపడి బిగించేయవద్దు. గాలి ఆడే నీడలో వేలాడదీసి రోజూ కొలవండి. రాసుకున్న వ్యాసానికి దగ్గరగా వచ్చి, రెండు రోజులు అక్కడే నిలిస్తే అప్పుడు సిద్ధమైనట్టు. ఉబ్బి ఉండగా బిగించిన గొట్టం తర్వాత కుంచించుకుపోయి, దాన్ని బిగించి పట్టే క్లాంప్‌లో వదులవుతుంది, అక్కడినుంచి ఇంజిన్ గాలి పీలుస్తుంది. ఈ పనిలో జరిగే తప్పులన్నీ దాదాపు ఇక్కడే.

ఇదే మిశ్రమాన్ని పొయ్యి మీద వేడిచేస్తే గంటలో అవుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మండే ద్రవాన్ని మంట దగ్గర పెట్టమనే సలహా అది. బ్రేక్ ద్రవంలో నానబెట్టడమైతే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే: దాని చుక్క పడిన చోటల్లా రంగు లేస్తుంది. వట్టి నీటిలో మరిగిస్తే చల్లారేదాకానే మెత్తగా ఉంటుంది, మళ్లీ మామూలే.

బిగించడం. లోపలి అంచుకు సబ్బునీరు రాసి, వేళ్లతో మాత్రమే తొడగండి. క్లాంప్ కొత్తదైతే మంచిది. గ్రీజు పూయకండి, పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును పాడుచేస్తుంది.

ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా, తిరుగుతుండగా గొట్టం అంచుల చుట్టూ నీళ్లు సన్నగా చిమ్మండి. కార్బ్యురేటర్ క్లీనర్ చిమ్మేవాళ్లుంటారు, వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటం. నీళ్లు పడగానే ఐడిల్ మారితే అక్కడ గాలి లోపలికి పోతోందని అర్థం. క్లాంప్ ఒకసారి సరిచూడండి. అయినా మారుతుంటే ఇంకా బిగించి సరిపెట్టుకోకండి. విప్పి, పగులు ఎక్కడుందో వెతికి, కొత్తది వేయండి.