కప్‌బోర్డు అనే మాట పుట్టుకను వెదకడం ఎలా?

ఇంగ్లీషు సమాసపదం మూలాన్ని వెదికేటప్పుడు ముందుగా దానిని విడదీసి, ఒక్కొక్క ముక్కకు నేటి అర్థాన్ని కాక, ఆ మాట పుట్టిన కాలంనాటి అర్థాన్ని, తేదీలతో పాత వాక్యాలను ఉదాహరించే నిఘంటువులోనే చూడాలి. కప్‌బోర్డు 14వ శతాబ్దం చివర తలుపుల అలమర కాదు. కప్పులు, పాత్రలు పేర్చే బల్ల. అప్పట్లో బోర్డు అంటే చెక్క పలకే కాదు, భోజనాల బల్ల కూడా. బోర్డింగ్ స్కూలు అనే మాటలో ఆ బల్లే నేటికీ దాగి ఉండడం నాకెంతో ఇష్టమైన సంగతి. అలమర అనే అర్థం 16వ శతాబ్దంలో స్థిరపడింది. ఆపైన ఉచ్చారణను గమనించాలి: ఇంగ్లీషువారు దీనిని 'కబర్డ్' అంటారు, అంటే 'ప' శబ్దం 'బ'లో కలిసిపోయినా, స్పెల్లింగు మాత్రం రెండు ముక్కలనూ చెక్కుచెదరకుండా నిలుపుకుంది.