ట్రాలీ మీద గది కట్టి జాతరకు పోయేవాళ్లు బోల్టుల దగ్గర పైలం

మేడారం జాతర దగ్గర పడుతుందంటే మా దిక్కు వెల్డింగ్ షాపులకు పని పెరుగుతుంది. ట్రాక్టరు ట్రాలీ డబ్బా దింపేసి, ఉత్త చాసీ, అంటే కింది ఇనుప చట్రం మీద బాక్స్ పైపులతో ఫ్రేము లేపి, చుట్టూ ప్లైవుడ్డు, పైన రేకు కొట్టి చిన్న గది చేసుకుంటారు. అమ్మవార్ల దగ్గర రెండు మూడు రాత్రులు ఆడవాళ్లు, పిల్లలు పడుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి అంతకన్నా సౌకర్యం ఇంకోటి లేదు. మేం కూడా చేసుకున్నాం. గది బాగానే కట్టాం గానీ, దాన్ని చాసీకి పట్టించే దగ్గర తప్పు చేశాం, ఆ తప్పు మీరు చేయొద్దనే ఇది రాస్తున్నా.

పోయినసారి జాతర నుంచి తిరిగొస్తూ పస్రా దాటాక టీ తాగడానికి ఆగాం. మా బావమరిది టైరు చూడ్డానికి వంగి, "బావా, ఇటు రా ఒకసారి" అన్నాడు. ముందు ఎడమ మూల దగ్గర ఛానల్ (చాసీ పొడుగునా ఉండే సీ ఆకారపు ఇనుప దూలం) మీద వేసిన రెడాక్సైడ్ రంగు పూర్తిగా రాసుకుపోయి, రెండు వేళ్ల వెడల్పున ఇనుము అద్దంలా మెరుస్తోంది. పక్కనే బోల్టు చుట్టూ కుంకుమలాంటి ఎర్రపొడి. గది మొత్తం రెండు వేళ్లు ముందుకు జరిగింది. పాన పెట్టి చూస్తే నాలుగు బోల్టుల్లో ఒకటి చేత్తో తిరిగింది, ఇంకోదానికి నట్టే లేదు. ఎక్కడ రాలిపోయిందో ఏమో! ఆ ఎర్రపొడి మాత్రం గుర్తుపెట్టుకోండి, అది మామూలు తుప్పు కాదు. రెండు ఇనుములు సందులో కదులుతూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటే వచ్చే పొడి. అది ఎక్కడ కనిపిస్తే అక్కడ బోల్టు వదులైందన్నట్టే.

మేం నాలుగే బోల్టులు ఎందుకు వేశామంటే, ఆరు వందల కిలోల గది, దాని బరువుకే అది కూర్చుంటుందిలే అనుకున్నాం. నిలబడ్డ ట్రాలీ మీద ఆ మాట నిజమే. గుంతలో పడి లేచేటప్పుడు మాత్రం ఒక్క క్షణం గది బరువు చాసీ మీద ఉండదు, సరిగ్గా ఆ క్షణంలోనే గది పక్కకు కదులుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ఆరు వందల కిలోల గది దాదాపు మూడు వందల కిలోల బలంతో ముందుకు తోస్తుంది. ఇక గాలి సంగతి. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న ముందు గోడ మీద 40 కిలోమీటర్ల వేగంలో పడే తోపు 30 కిలోల దాకా ఉంటుంది, దానికి ఇంకో 40 ఎదురుగాలి తోడైతే అరవై కాదు, 120 కిలోలవుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు. పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు గది ఊగేది అందుకే.

మొదటి మాట, ప్లైవుడ్డును చాసీకి బిగించొద్దు. గది కింది చుట్టు పైపు, అంటే గోడల నిలువు పైపులన్నీ వెల్డింగ్ అయిన ఆ కింది బాక్స్ పైపు, దాన్ని చాసీకి బిగించాలి. చెక్కకు బోల్టు వేసి గది మొత్తం దాని మీద వేలాడదీస్తే కొన్నాళ్లకు రంధ్రం సాగుతుంది, తడిసి మెత్తబడుతుంది, ఆఖరికి బోల్టు తల చెక్కలోంచి ఊడి వస్తుంది. నల్లగా ఉండే జిప్సం స్క్రూలైతే అసలే వద్దు, అవి వంగవు, పటుక్కున విరుగుతాయి. గోడకు ప్లై పట్టడానికి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు సరే, గదిని మోయడానికి మాత్రం కాదు.

మేం ఈసారి చేసింది ఇది. 50 ఎంఎం యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ), 6 ఎంఎం మందం, దాన్ని ముక్కలుగా కోసి చాసీ ఛానల్ నిలువు ముఖానికి వెల్డింగ్ చేయించాం. ఛానల్ పై అంచుకు, కింది అంచుకు అడ్డంగా వెల్డింగ్ పెట్టొద్దు, అక్కడ డ్రిల్లు కూడా వేయొద్దు. ఛానల్ వంగకుండా ఆపే బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది, పగులు మొదలయ్యేది కూడా అక్కడే. పాత డబ్బాను పట్టుకున్న రంధ్రాలు చాసీకి ఉంటే ముందు వాటినే వాడుకోండి. మా గది పొడవు పదడుగులు, అందుకని ఒక్కో వైపు రెండు మూలలు, మధ్యలో రెండున్నర అడుగులకొకటి, గది కింది పైపులోంచి యాంగిల్‌లోకి దిగేలా మొత్తం పది బోల్టులు. 12 ఎంఎం హై టెన్సైల్, అంటే గట్టి ఉక్కు బోల్టులు అడగండి, తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది, లేకపోతే తీసుకోవద్దు. కింద నైలాక్ నట్టు, అంటే వదులు కాకుండా లోపల నైలాన్ చుట్టు ఉన్న నట్టు. దాన్ని రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే లోపలి నైలాన్ పట్టు పోతుంది, అప్పుడు కొత్తది వేయాలి.

బాక్స్ పైపు లోపల ఖాళీ కదా, బోల్టు బిగించే కొద్దీ పైపు నలిగిపోతుంది. బిగించినట్టే అనిపిస్తుంది, కానీ పైపు నొక్కుకుని నాలుగు రోజుల్లో బోల్టు వదులవుతుంది. అందుకే ప్రతి రంధ్రంలో పైపు ఎత్తుకు సరిగ్గా సరిపోయే చిన్న గొట్టం ముక్క దూర్చి, బోల్టు దానిలోంచి పోనివ్వాలి. పది ముక్కలు కోయడానికి అరగంట కూడా పట్టలేదు, పోయినసారి ఆ అరగంట ఎందుకు పెట్టలేదా అని ఇప్పటికీ బాధ.

డ్రిల్లు వేయడం ఇష్టంలేక యూ బోల్టులు వేసేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు గానీ ఛానల్ నోట్లో గట్టి చెక్క ముక్క దిగ్గొట్టండి, లేకపోతే బిగింపుకు ఛానల్ అంచులు లోపలికి వంగుతాయి. గది ముందుకు జారకుండా దాని ముందు ఛానల్ నిలువు ముఖానికి ఒక ఇనుప ముక్క అడ్డుగా వెల్డింగ్ చేయించండి, బ్రేకు తోపు ఆ ముక్క ఆపుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య మెత్తటి మందపు రబ్బరు వేయొద్దు, అది నలిగే కొద్దీ బోల్టు వదులవుతుంది. వెల్డింగ్ చేసిన ప్రతిచోటా, డ్రిల్లు వేసిన ప్రతి రంధ్రం లోపల కూడా రంగు వేయండి.

ఇక దారిలో చెక్ చేసుకోవడం. బోల్టు బిగించాక నట్టు మీద నుంచి యాంగిల్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందన్నట్టు, చీకట్లో టార్చి వేసి చూసినా తెలిసిపోతుంది. హనుమకొండ నుంచి పోయేవాళ్లు మొదటిసారి గూడెప్పాడ్ దగ్గర, రెండోసారి ములుగులో ఆగి చూడండి. కొత్తగా కట్టిన గది మొదటి 50 కిలోమీటర్లలోనే సర్దుకుంటుంది, వదులయ్యేవి చాలావరకు అప్పుడే అవుతాయి.

గదిలో మనుషులను కూర్చోబెట్టి నడపొద్దు, అది చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం. అందరూ బస్సులోనో జీపులోనో రావాలి, గది ఆగాకే ఎక్కాలి. ట్రాలీ రూపం మారిస్తే రవాణా శాఖ అనుమతి కావాలి, ఆ కాగితం పని ముందే చూసుకోండి.

ఆగిన తర్వాత ఇంకో ప్రమాదం ఉంది, చాలామందికి తట్టదు. ఒకే యాక్సిల్ ఉన్న ట్రాలీ నుంచి ట్రాక్టరు విప్పాక నలుగురు వెనక తలుపు దగ్గర నిలబడితే ముందు భాగం లేచి గది వెనక్కి పడుతుంది. స్టవ్ మీద నీళ్లు మరుగుతుంటే ఏమవుతుందో ఆలోచించండి. ట్రాక్టరు విప్పకముందే చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, వెనక రెండు మూలల కింద జాకీలు వేసి, ఆ జాకీల కింద పలక ముక్కలు పరవండి, జంపన్న వాగు పక్క ఇసుకలో ఉత్త జాకీ దిగబడిపోతుంది. పిల్లలను అప్పటిదాకా దూరంగా ఉంచండి.

19 నంబరు పాన, నాలుగు కొత్త నైలాక్ నట్లు, రెండు బోల్టులు, టార్చి, ఇవన్నీ గదిలో కాదు, ట్రాక్టరు సీటు కింద పెట్టుకోండి.