కేసులు పెరిగే కాలానికి ముందే: వేరియంట్ స్క్రీనింగ్ ల్యాబుల్లో జాగ్రత్తలు

కరోనా పాజిటివ్ శాంపిళ్లలో ఎంపిక చేసిన మ్యుటేషన్లను (జన్యు మార్పులను) పీసీఆర్‌తో (జన్యు ముక్కను కోట్ల కాపీలుగా పెంచి గుర్తించే పరీక్షతో) వెతకడం జల్లెడ పట్టడం లాంటిది. ఏ శాంపిల్‌ను ముందుగా సీక్వెన్సింగ్‌కు (వైరస్ జన్యుక్రమం మొత్తం చదవడానికి) పంపాలో కొన్ని గంటల్లో తేలిపోతుంది. అందులో ఉన్నది ఫలానా వేరియంటే అని మాత్రం ఖాయంగా తేలదు. ఈ తేడా మరిచి స్క్రీనింగ్ రిపోర్టులోనే వేరియంట్ పేరు రాసేయడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు.

వైరస్ స్పైక్ ప్రొటీన్‌ను తయారుచేసే ఎస్ జీన్ సంగతే చూడండి. స్పైక్‌లో 69, 70 స్థానాల అమైనో ఆమ్లాలు లోపించిన వైరస్ అయితే, సరిగ్గా ఆ చోటును వెతికే కిట్లలో ఎస్ జీన్ సిగ్నల్ రాదు. అవే కిట్లు వెతికే మరో రెండు జీన్లు, ఎన్, ఓఆర్ఎఫ్1ఏబీ, మాత్రం వస్తాయి. 2020 చివర్లో ఇది ఆల్ఫాకు గుర్తు. 2021 నవంబరులో ఒమిక్రాన్ బీఏ.1కు గుర్తయింది. ఆ వెనకే పెరిగిన మరో ఒమిక్రాన్ శాఖ బీఏ.2లో ఈ లోపం సాధారణంగా ఉండదు. బీఏ.4, బీఏ.5లలో మళ్లీ కనిపించింది, ఎక్స్‌బీబీలో పోయింది, 2023 చివర్లో జేఎన్.1తో తిరిగి వచ్చింది. గుర్తు ఒకటే, అర్థం ఇన్నిసార్లు మారింది. అందుకే కేసులు పెరగకముందే మీ ప్రాంతపు తాజా సీక్వెన్సింగ్ ఫలితాలు దగ్గర పెట్టుకుని, ఏ గుర్తు ఇప్పుడు దేన్ని సూచిస్తుందో పట్టిక కొత్తగా రాసుకోండి. దాని మీద తేదీ వేయండి. పాత పట్టిక గోడ మీద ఉంటే తీసేయండి.

ఎస్ జీన్ రాలేదని లెక్కలోకి తీసుకోవాలంటే మిగతా రెండు టార్గెట్ల (వెతికే జీన్ల) సీటీ, అంటే సిగ్నల్ కనబడటానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య, 30 లోపు ఉండాలి. అంతకు మించితే వైరస్ తక్కువగా ఉందని అర్థం. ఏ టార్గెట్టయినా కేవలం అందుకే జారిపోవచ్చు. అలాంటివి 'నిర్ధారణ కాలేదు' అనే గడిలోకే వెళ్లాలి.

ఒక మ్యుటేషన్ ఉన్న చోట అతుక్కుని సిగ్నల్ ఇచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలైన ప్రోబులతోనూ ఇదే చిక్కు. ఎన్501వై (స్పైక్ 501వ స్థానంలో మార్పు) కోసం తయారైన ప్రోబ్ కింద పక్క స్థానంలో మరో మార్పు వచ్చిందనుకోండి, ప్రోబ్ సరిగా అతుక్కోదు. ఒమిక్రాన్‌లో 498, 505 స్థానాలు కూడా మారి ఉంటాయి. మెల్ట్ కర్వ్‌లో (ప్రోబ్ ఏ ఉష్ణోగ్రత దగ్గర విడిపోతుందో చూపే గ్రాఫులో) శిఖరం అనుకున్న ఉష్ణోగ్రత దగ్గర రాకపోయినా, అసలు రాకపోయినా 'నెగటివ్' అని కొట్టేయకండి. కొత్తది వచ్చిందనడానికి మొదటి ఆనవాలు అదే కావచ్చు. ఆ శాంపిల్‌నే ముందు సీక్వెన్సింగ్‌కు పంపండి.

ఇక కలుషితం. పీసీఆర్ ముగిసిన ఒక్క ట్యూబులో కోట్లాది కాపీలుంటాయి. మూత తెరిస్తే గాల్లో తేలే తుంపరలు చాలు, తర్వాతి ప్లేటు పాడవడానికి. పీసీఆర్ రసాయనాల మిక్స్ కలిపే గది, ఆర్ఎన్ఏ తీసే గది, పీసీఆర్ తర్వాతి గది వేరువేరుగా ఉండాలి. పిపెట్లు, కోట్లు కూడా అంతే. నడక ఎప్పుడూ శుభ్రమైన వైపు నుంచి అవతలికే. 70 శాతం ఆల్కహాల్ వైరస్‌ను చంపుతుంది కానీ డీఎన్ఏను ఛిద్రం చేయదు. దానికి ఆ రోజే కలిపిన 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ కావాలి: పది నిమిషాలు ఉంచి, తర్వాత నీటితో తుడవండి. ఆర్ఎన్ఏ తీసే కిట్ల లైసిస్ బఫర్లలో (వైరస్‌ను పగలగొట్టే ద్రావణాల్లో) గ్వానిడిన్ అనే రసాయనం ఉంటుంది. దాని మీద హైపోక్లోరైట్ పడితే విషవాయువులు పుడతాయి. ఆ వ్యర్థాల సీసా వేరుగా ఉంచండి, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. కొత్తగా చేరినవారికి మొదటి రోజే ఈ మాట చెప్పండి.

ప్రతి ప్లేటులో టెంప్లేట్ (శాంపిల్ ఆర్ఎన్ఏ) లేని బావి (ప్లేటులోని చిన్న గుంట) ఒకటి, ఆర్ఎన్ఏ తీసే దశ నుంచే వచ్చిన ఖాళీ శాంపిల్ ఒకటి ఉండాలి. ఖాళీలో సిగ్నల్ వస్తే ఆ ఒక్క బావిని మళ్లీ నడపడం తప్పు. ప్లేటు మొత్తం పక్కన పెట్టాలి.

శాంపిల్ ట్యూబులు 2–8 డిగ్రీల దగ్గర 72 గంటలకు మించి ఉంచకూడదు. ఆలస్యమయ్యేటట్లుంటే మైనస్ 70కి మార్చండి. తీసిన ఆర్ఎన్ఏను వెంటనే రెండు ట్యూబుల్లో పంచండి: స్క్రీనింగ్‌కు ఒకటి, సీక్వెన్సింగ్‌కు ఒకటి. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే ఆర్ఎన్ఏ ముక్కలవుతుంది. సుమారు 30 వేల అక్షరాల జీనోమ్‌ను చదివేటప్పుడు ఆ ముక్కలైన చోట్లన్నీ ఖాళీలుగా బయటపడతాయి.

ఎన్ని శాంపిళ్లు చూడాలి? ప్రాంతంలో 1 శాతం ఉన్న వేరియంట్ కనీసం ఒక్కసారైనా కంటపడే అవకాశం 95 శాతం ఉండాలంటే దాదాపు 300 కావాలి; 5 శాతం ఉంటే 60 సరిపోతాయి. ఈ లెక్క యాదృచ్ఛికంగా ఎంచిన శాంపిళ్లకే చెల్లుతుంది. ఆసుపత్రిలో తీవ్రంగా ఉన్నవారివి, ప్రయాణికులవి చూడవలసినవే, కానీ వాటిని వేరే వరుసలో నమోదు చేయండి. ఏ గుర్తూ చూపని మామూలు శాంపిళ్లలోంచి కూడా ప్రతి వారం కొన్నింటిని సీక్వెన్సింగ్‌కు పంపండి, ఎందుకంటే జల్లెడకు తెలియని వేరియంట్ వాటి మధ్యలోంచే దాటిపోతుంది. వారపు లెక్కలో రిపోర్టు తేదీ కాకుండా శాంపిల్ తీసిన తేదీ వాడండి. లేకపోతే ల్యాబులో పేరుకుపోయిన పని కూడా గ్రాఫులో వేరియంట్ పెరుగుదలలా కనబడుతుంది.