టర్బో కారులో క్యాట్ పూడిపోతే: స్ట్రెయిట్ పైపు వేయించకుండా కొత్తది ఎలా మార్చాలి?

టర్బో పెట్రోల్ కారుకి పికప్ తగ్గిందని షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే సలహా ఇది: "క్యాట్ కోసేసి పైపు వెల్డింగ్ చేద్దాం సార్, బండి ఎగురుతుంది." క్యాట్ అంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్. ఆ సలహాలో కొంత నిజం ఉంది. టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) దాటాక పొగకి అడ్డు తగ్గేకొద్దీ టర్బో త్వరగా అందుకుంటుంది. పూడిపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కానీ ఆ తేడాలో ఎక్కువ భాగం పూడిక పోవడం వల్ల వచ్చినదే. మంచి క్యాట్ బిగించినా అది వస్తుంది.

పైపు వేయిస్తే ఇంకో చిక్కు ఉంది. క్యాట్ లోపల తేనెపట్టులాంటి సిరామిక్ గదుల మీద ప్లాటినం, పలాడియం, రోడియం పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ లోహాలు అక్కడే తక్కువ హాని చేసే వాయువులుగా మారుస్తాయి. అది లేకపోతే ఆ విషమంతా ట్రాఫిక్‌లో మన వెనక బైకు మీద కూర్చున్న పిల్లవాడి ముఖం మీదకే పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉన్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇదే సంగతి: అక్కడి క్లీన్ ఎయిర్ చట్టం క్యాట్ తీయడాన్ని నిషేధిస్తుంది.

ముందు నిజంగా క్యాట్ చెడిందో లేదో తేల్చుకోండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0420 కోడ్ కనిపించగానే క్యాట్ కొనకండి. క్యాట్ సరిగా పనిచేయడం లేదని ఇంజిన్ కంప్యూటరుకు అనిపించిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎగ్జాస్ట్ జాయింట్ దగ్గర లీకు ఉన్నా అదే కోడ్ రావచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి జాయింట్ల మీద సబ్బునీళ్లు చిమ్మితే బుడగలు లీకును పట్టిస్తాయి.

తర్వాత బ్లూటూత్ ఓబీడీ పరికరంతో (ఇంజిన్ కంప్యూటరు లెక్కల్ని ఫోన్‌లో చూపించేది) క్యాట్ దాటాక ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక నిలకడగా తొక్కి ఉంచితే, క్యాట్ బాగుంటే అది 0.6–0.7 వోల్టుల దగ్గర నిలబడుతుంది. 0.1 నుంచి 0.9 వరకు ఊగిసలాడుతూ ఉంటే పూత పనిచేయడం లేదని అర్థం. క్యాట్‌కు ముందున్న సెన్సర్‌తో పోల్చి చూడకండి, చాలా టర్బో కార్లలో అది వైడ్‌బ్యాండ్ రకం, లెక్క వేరు.

పూడికకు పరీక్ష వేరు. క్యాట్‌కు ముందున్న సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించాలి. 2500 ఆర్‌పీఎం దగ్గర మూడు పీఎస్ఐ దాటితే దారి మూసుకుపోయినట్టే. రబ్బరు సుత్తితో క్యాట్‌ను మెల్లగా తట్టినప్పుడు లోపల గలగలమంటే సిరామిక్ పగిలిపోయింది, ఇంకో పరీక్ష అక్కర్లేదు.

క్యాట్‌ను చంపిందెవరో పట్టుకోండి

క్యాట్ తనంతట తాను చావడం అరుదు. ఇక్కడ తొందరపడితే కొత్తది కూడా కొద్ది నెలల్లోనే పోతుంది. ఇంజిన్ మిస్ కొడుతుంటే కాలని పెట్రోలు క్యాట్ లోపలికి వెళ్లి మండి, సిరామిక్‌ను కరిగించేస్తుంది. కాబట్టి ప్లగ్గులు, కాయిళ్లు ముందు చూడాలి. టర్బో సీళ్లు అరిగి ఆయిల్ ఎగ్జాస్ట్‌లోకి కారుతున్నా, పిస్టన్ రింగులు పోయి ఆయిల్ తాగుతున్నా ఆ బూడిద గదుల్ని కప్పేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ లోపలికి వచ్చినా అంతే. డిప్‌స్టిక్, కూలెంట్ డబ్బా రెండూ రెండు వారాలు గమనించండి. వరదనీళ్లలోంచి కారును తోలినా, ఎర్రగా కాలిన క్యాట్ ఒక్కసారిగా చల్లబడి పగిలే అవకాశం ఉంది.

మార్చే పని

కారు రాత్రంతా చల్లబడనివ్వండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందకి దూరకండి, జాక్ స్టాండ్లు తప్పనిసరి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, తుప్పుపట్టిన నట్లకి తుప్పు వదిలించే నూనె ముందురోజే కొట్టి ఉంచండి. టర్బో దగ్గరి నట్లు ఎన్నో వేడి చల్లదనాలు చూసినవి. మొండిగా తిప్పితే స్టడ్డు విరిగి టర్బో దించాల్సి వస్తుంది, ఓపికగా ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా తిప్పుతూ విప్పండి.

సెన్సర్లు రెండూ ముందు తీసి పక్కన పెట్టండి. దీనికి వైరుకు చోటున్న 22 ఎంఎం సాకెట్ కావాలి. తర్వాత హీట్ షీల్డ్, కింది ఫ్లాంజి, పైన టర్బో వైపు క్లాంపు లేదా నట్లు. క్యాట్ వదులయ్యే సమయానికి బరువును ఎవరైనా పట్టుకోవాలి. లేకపోతే ఫ్లెక్స్ పైపు మీద పడి అది చిరుగుతుంది.

కొత్తది మీ కారు ఇంజిన్ కోడ్‌కు సరిపోయేదే కొనండి. బీఎస్6 కారుకి బీఎస్4 క్యాట్ పెడితే పి0420 మళ్లీ పలకరించవచ్చు. కాలిఫోర్నియాలో ఉంటే విడిభాగం మీద ఈవో నంబర్ (అక్కడి కాలుష్య మండలి ఇచ్చే అనుమతి సంఖ్య) ఉందో లేదో చూసుకోండి.

గ్యాస్కెట్లు, నట్లు పాతవి వాడకండి. అన్నిటినీ చేత్తో బిగించి, పైపులన్నీ ఒత్తిడి లేకుండా కూర్చున్నాయని చూశాకే టార్క్ రించితో కంపెనీ చెప్పినంత బిగించండి. సెన్సర్ మరకు యాంటీ సీజ్ రాస్తే మర వరకే, కొనకి అంటకూడదు. జాయింట్లకి మామూలు సిలికాన్ పేస్టు పెట్టొద్దు, దాని ఆవిరి సెన్సర్లను, క్యాట్‌ను రెంటినీ పాడుచేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ, వాసన రావడం సహజం. కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి లీకు చూడండి, రేజ్ చేయకండి. కోడ్ చెరిపాక ఊరిలో కొంత, హైవే మీద నిలకడగా కొంత నడిపితే స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (క్యాట్‌ను ఇంజిన్ కంప్యూటరు తనే చేసే పరీక్ష) "పూర్తి" అని చూపిస్తుంది. అప్పటివరకూ పొల్యూషన్ పరీక్షకి వెళ్లకండి. పాత క్యాట్‌ను షెడ్డులో వదిలేయకండి, అందులోని లోహాలకు తుక్కు వ్యాపారి డబ్బులిస్తాడు.