నీహారికల్లో పసితారలను పరారుణ కాంతిలో వెదకడం

బెంగళూరు దీపాల వెలుగులో మిద్దె మీద నుంచి నీహారికలు (వాయువు, ధూళి మేఘాలు) కనబడటం కష్టమే గానీ, వాటిలో పసితారలను వెదికే ఈ పనికి నిర్మలమైన ఆకాశం అక్కరలేదు. స్పిట్జర్, వైజ్ అంతరిక్ష టెలిస్కోపుల కొలతలు ఇర్సా అనే డేటా భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, వాటిని పరిశీలించడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ముందుగా పెర్సియస్ నక్షత్రమండలంలోని ఎన్‌జీసీ 1333 వంటి దగ్గరి నీహారికను ఎంచుకొని, స్పిట్జర్ 3.6, 4.5, 5.8, 8.0 మైక్రాన్ల (మీటరులో పది లక్షల వంతుల) తరంగదైర్ఘ్యాల వద్ద కొలిచిన మాగ్నిట్యూడ్లను, అంటే ప్రకాశపు కొలతలను (అంకె తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ), డౌన్‌లోడ్ చేసుకోవాలి. పసితార చుట్టూ ఉండే ధూళి చక్రం ఆ తార వేడికి కాగి పరారుణ కాంతిని వెదజల్లుతుంది కాబట్టి, ఈ తరంగదైర్ఘ్యాల్లో అది మామూలు తారకన్నా ఎక్కువ ప్రకాశంతో కనిపిస్తుంది. 3.6 మాగ్నిట్యూడ్ లోంచి 4.5 మాగ్నిట్యూడ్‌ను తీసివేసిన తేడాను నిలువు అక్షం మీద, 5.8 దానిలోంచి 8.0 దాన్ని తీసివేసిన తేడాను అడ్డ అక్షం మీద గుర్తిస్తే, మామూలు తారలు సున్నా దగ్గర గుమిగూడతాయి. చక్రమున్న తారలు సుమారుగా నిలువున 0 నుంచి 0.8, అడ్డంగా 0.4 నుంచి 1.1 వరకు ఉన్న గడిలో పడతాయి. ఇంకా ధూళి కోశం వీడని శిశుతారలు దానికి పైన, కుడివైపున ఉంటాయి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. దూరపు గెలాక్సీలు, ముసలి ఎర్రతారలు కూడా ఇవే రంగులతో (అంటే ఇవే తేడాలతో) చొరబడతాయి. గెలాక్సీలు చాలావరకు తొలగేలా మరీ మసకగా ఉన్నవాటిని మొదటే పక్కన పెట్టడం మంచిది. వైజ్ 12, 22 మైక్రాన్ల కొలతలను నేను అంతగా నమ్మను. నీహారికలోని మెరుపు ముద్దనే తారగా నమోదు చేసిన వరుసలు వైజ్ జాబితాలో ఎదురవుతాయి, కాబట్టి ప్రతి వస్తువునూ చిత్రంలో కంటితో చూసి తీరాలి.

చివరికి మిగిలిన చక్రమున్న తారల వర్ణపటంలో హైడ్రోజన్ ఆల్ఫా ఉద్గార రేఖ (హైడ్రోజన్ వెలువరించే ఎర్రని వెలుగు గీత, చక్రం నుంచి వాయువు ఇంకా తార మీద పడుతోందనడానికి గుర్తు) కోసం చూడాలి. బెంగళూరు శివారు హోస్కోటె నుంచి నడిపే, లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అటువంటి వర్ణపటాలను తీయగలదు. ధూళి కోశంలో దాగినవి మాత్రం దృశ్యకాంతికి చిక్కవు.