హైబ్రిడ్ కారు పెద్ద బ్యాటరీ నిజంగా పోయిందా? తేల్చుకుని మార్చడం ఎలా?

మీటరులో ఎర్ర త్రికోణం వెలిగి "చెక్ హైబ్రిడ్ సిస్టమ్" అని కనబడగానే చెన్నైలో చాలామంది నేరుగా పాత కారు విడిభాగాలు అమ్మే పుదుప్పేటకు బయలుదేరి, విప్పేసిన కారులోని బ్యాటరీకి బేరమాడతారు. అక్కడే పని చెడుతుంది. ఆ దీపం ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది, బ్యాటరీ పోయిందని కాదు. ఇక్కడ రాసేది ఎక్కువ తిరిగిన నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ కార్ల గురించి. ఉదాహరణకు 2013లో మన దేశంలో మొదలైన టయోటా క్యామ్రీ హైబ్రిడ్. దాని బ్యాటరీ ప్యాకులో 34 మాడ్యూళ్లు (విడి బ్యాటరీ ముక్కలు), ఒక్కొక్కటీ 7.2 వోల్టులు, మొత్తం 244.8 వోల్టులు. రెండు మాడ్యూళ్లు ఒక బ్లాకు, అంటే 17 బ్లాకులు.

మొదట వారంటీ కాగితం చూడండి. 2021 ఆగస్టు నుంచి టయోటా ఇక్కడ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తోంది. అందులో ఉంటే ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకండి.

తర్వాత డిక్కీలోని చిన్న 12 వోల్టుల బ్యాటరీ. కారును ఇంట్లో వదిలి సంక్రాంతికి నెల్లూరో ఒంగోలో వెళ్లి పదిరోజులకు తిరిగొచ్చేసరికి అది దిగిపోయి ఉండొచ్చు. అప్పుడు కారు రెడీలోకి (నడవడానికి సిద్ధమైన స్థితిలోకి) రాదు, పొంతన లేని కోడ్‌లు (కారు కంప్యూటరు చూపే లోపాల గుర్తులు) వరుసగా వస్తాయి. దాన్ని చూసి పెద్ద బ్యాటరీ పోయిందని తేల్చేవాళ్లున్నారు. రాత్రంతా ఆపి ఉంచిన కారులో మల్టీమీటర్ 12.4కు పైన చూపాలి. 12 కన్నా కిందుంటే ముందు దాన్ని మార్చండి. రెడీలో ఉన్నప్పుడు 14 దరిదాపుల్లో ఉంటే దాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్ బాగున్నట్టే. ఇలాంటి హైబ్రిడ్‌లో ఆల్టర్నేటర్ ఉండదు, దాని కోసం వెతక్కండి.

మూడోది గాలి. పెద్ద బ్యాటరీ కారు లోపలి చల్లగాలినే పీల్చుకుంటుంది. వెనక సీటు పక్కనో, వెనక అద్దం కింద పలక మీదో జాలీ ఉంటుంది. అక్కడ సంచులు పెట్టకూడదు. ఫ్యాన్ రెక్కలకు దుమ్ము అట్టకట్టి ఉంటే విప్పి బ్రష్షుతో దులపండి. మే నెలలో ఏసీ లేకుండా ఓఎంఆర్ (చెన్నై ఐటీ రోడ్డు) ట్రాఫిక్‌లో నడిపితే మంచి బ్యాటరీ కూడా కాగిపోతుంది.

ఇప్పుడు స్కానర్, అంటే ఆ కోడ్‌లు చదివే సాధనం. కారుకు తగిలించే బ్లూటూత్ అడాప్టరు, ఫోన్‌లో బ్లాకుల వోల్టేజి విడివిడిగా చూపే డాక్టర్ ప్రియస్ లాంటి ఆప్ చాలు. పీ0ఏ80 వస్తే బ్లాకుల మధ్య తేడా పెరిగిందని అర్థం. పీ0ఏ7ఎఫ్ వస్తే ప్యాకంతా అరిగి లోపలి నిరోధం పెరిగినట్టు. పీ3011 నుంచి వచ్చే వరుస ఏ బ్లాకు బలహీనమో చెబుతుంది, 3011 అంటే ఒకటో బ్లాకు. పీ0ఏఏ6 వస్తే మాత్రం ఇక్కడే ఆగండి. హై వోల్టేజి కారు బాడీలోకి లీకవుతోందని దాని అర్థం. 2015లోనో 2023 మిచౌంగ్ తుపానులోనో వరదనీళ్లలో నిలిచిన కారు అయితే దాన్ని శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాలి.

కోడ్ ఒక్కటే చాలదు, లోడ్ పెట్టి చూడాలి. ఖాళీ మైదానంలో ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోన్ చూడాలి. ఏసీ ఫుల్ పెట్టి రివర్స్‌లో నడపండి. రివర్స్‌లో బండిని మోటారే లాగుతుంది కాబట్టి బ్యాటరీ మీద బరువు పడుతుంది. మిగతా బ్లాకులు 14 దగ్గర నిలబడితే, చెడ్డ బ్లాకు 12కో ఇంకా కిందకో జారుతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు మాత్రం అదే అందరికన్నా ముందు పైకెగురుతుంది. ఇలా రెండు వైపులా తేడా చేస్తేనే సెల్ (మాడ్యూల్ లోపలి చిన్న బ్యాటరీ) పోయినట్టు.

పక్కపక్క బ్లాకుల్లో ఒకటి ఎక్కువ, దాని పక్కది అంతే తక్కువ చూపిస్తుంటే అనుమానించాల్సింది సెల్‌ను కాదు, వాటి మధ్య ఉన్న సెన్స్ వైరును (వోల్టేజి కొలిచే తీగను). ఈసీఆర్ (చెన్నై సముద్రతీర రోడ్డు) ఉప్పుగాలికి బస్‌బార్ల (మాడ్యూళ్లను కలిపే లోహపు పట్టీల) మీద పచ్చటి చిలుము పట్టి తప్పుడు రీడింగ్ ఇస్తుంది. చిలుము గీకి, నట్టు సరిగ్గా బిగిస్తే బ్యాటరీ కొనే పనే తప్పుతుంది.

సెల్ పోయిందని తేలితే ప్యాకు మొత్తం కొత్తది వేయండి. ఒక్క మాడ్యూల్ మార్చి పదో వంతు ఖర్చుతో సరిచేస్తామనేవాళ్ల మాట వినకండి. లక్షన్నర కిలోమీటర్లు కలిసి అరిగిన 33 మాడ్యూళ్ల మధ్య కొత్తది పెడితే వాటికీ దానికీ సామర్థ్యంలో పొంతన ఉండదు, కొన్నాళ్లకే పక్కది పోతుంది. మళ్లీ విప్పాలి, మళ్లీ కూలి. పుదుప్పేట ప్యాకు సంగతీ అంతే. అది ఎన్నాళ్లు ఎండలో ఖాళీగా పడి ఉందో అమ్మేవాడికే తెలియదు.

కావలసినవి: 1000 వోల్టుల రేటింగు ఉన్న క్లాస్ 0 రబ్బరు గ్లవ్స్, వాటి మీద తోలు గ్లవ్స్, క్యాట్ 3 భద్రతా తరగతి మల్టీమీటర్, ఇన్సులేషన్ ఉన్న సాకెట్లు, టార్క్ (బిగింపు బలం) చూపే రెంచ్, తోడుగా ఇంకో మనిషి. ఉంగరం, వాచీ, మొలతాడుకు వెండి బిళ్ల ఉంటే అది కూడా తీసేయండి.

అసలు జాగ్రత్తంతా కరెంటు తెంపడంలోనే. కారు ఆపి, స్మార్ట్ తాళంచెవిని దూరంగా ఇంట్లో పెట్టండి. డిక్కీ తెరిచి ఉంచే 12 వోల్టుల నెగటివ్ విప్పండి. మూసేస్తే కరెంటుతో తెరుచుకునే తాళం మళ్లీ తెరుచుకోదు. గ్లవ్స్ అంచును చుట్టి గాలి బంధించి నొక్కండి. ఎక్కడైనా గాలి జారితే ఆ జత పనికిరాదు. తొడుక్కుని, నారింజ రంగు సర్వీస్ ప్లగ్గును (ప్యాకు కరెంటును మధ్యలో తెంపేదాన్ని) లివర్ తిప్పి నిదానంగా లాగండి. లాగాక అది మీ జేబులో ఉండాలి. పక్కన పెడితే ఎవరో తెలియక తిరిగి దోపుతారు.

ఇన్వర్టర్‌లోని (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టెలోని) కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగాలి. గడియారం చూసి ఆగండి. తర్వాత మీటరును ముందు 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి పనిచేస్తోందో చూసుకోండి, ఆపై ఇన్వర్టర్ దగ్గర హై వోల్టేజి టెర్మినళ్ల మధ్య కొలవండి, మళ్లీ 12 వోల్టుల మీద పెట్టి సరిచూడండి. మధ్యలో సున్నా, అటూ ఇటూ 12 వస్తేనే ఆ సున్నాను నమ్మాలి. లీడ్ తెగిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది.

సున్నా వచ్చింది కదా అని ప్యాకులో కరెంటు లేదనుకోవద్దు. ప్రాణాలు తీసే పొరపాటు ఇదే. ప్లగ్గు లాగితే ప్యాకు రెండు ముక్కలవుతుంది, అంతే. ఒక్కో ముక్కలో ప్రమాదకరమైన వోల్టేజి అలాగే ఉంటుంది. మూత తీసినా తీయకపోయినా గ్లవ్స్ చేతికే ఉండాలి. నారింజ వైర్లు విప్పిన వెంటనే ఒక్కొక్క చివరకూ విడివిడిగా ఇన్సులేషన్ టేప్ చుట్టండి. రెండు చివర్లూ ఒకేసారి తెరిచి ఉండకూడదు.

మిగతాది మామూలు పనే. వెనక సీటు, ట్రిమ్, గాలి గొట్టం, కనెక్టర్లు, బోల్టులు. ప్రతి కనెక్టరుకూ ఫోటో తీయండి. ప్యాకును ఇద్దరు కలిసి ఎత్తాలి. కొత్త ప్యాకుతో బ్యాటరీ ఈసీయూ (ప్యాకును గమనించే చిన్న కంప్యూటరు) రాకపోతే పాతది దానికి మార్చి బిగించండి. బస్‌బార్ నట్లు ముట్టుకోవాల్సి వస్తే మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న టార్కే పెట్టండి. ప్రియస్‌కు అది 5.4 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో బిగిస్తే ప్లాస్టిక్‌లోని స్టడ్డు ఊడివస్తుంది.

సర్వీస్ ప్లగ్గు లివర్‌ను చివరి మెట్టు దాకా తిప్పి లాక్ చేయాలి. సగంలో వదిలితే ఇంటర్‌లాక్ (ప్లగ్గు పూర్తిగా పడిందో లేదో చూసే స్విచ్చు) కలవదు, కారు రెడీలోకి రాదు. కొత్త బ్యాటరీ చెడ్డదని చాలామంది గొడవపడేది ఇక్కడే.

కోడ్‌లు చెరిపి, ఇరవై కిలోమీటర్లు నడిపి, మళ్లీ రివర్స్ పరీక్ష చేయండి. నిలకడగా ఉన్నప్పుడు బ్లాకుల మధ్య తేడా 0.3 వోల్టు దాటకూడదు. పాత ప్యాకును తుక్కువాడికి అమ్మకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడే పాతది అప్పగిస్తున్నట్టు బిల్లు మీద రాయించుకోండి.